బడి తెరిచిన రోజున బయలుదేరండి

ఈమధ్య ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో చాలావరకు సర్వీసు ఇంకా మిగిలి ఉండగానే ఉద్యోగం వదిలేసిన టీచర్లవి. నేను కూడా సోషల్ టీచరుగా పనిచేసి యాభై రెండో ఏట స్వచ్ఛందంగా రిటైరయ్యాను. వాళ్ళు రాసేవన్నీ నాకు తెలిసిన సంగతులే. అందుకని ఈసారి చోటంతా వాళ్ళకే.

ప్రశ్న: హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. 53 ఏళ్ళకే రిటైరయ్యాను. తీరిగ్గా ఉందామని ఎన్నో అనుకున్నాను. తీరా ఖాళీగా కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టుంది. చీకటితోనే మెలకువ వచ్చేస్తుంది. తొమ్మిదయ్యేసరికి ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు టెన్షన్. ఇది పోతుందా?
— ఓ లెక్కల టీచరు

పోతుందండీ. కాకపోతే మీరు అనుకున్నంత తొందరగా పోదు. మనది మామూలు ఉద్యోగం కాదు కదా. చాలా ఉద్యోగాల్లో పనిని కాస్త ముందుకో వెనక్కో జరుపుకోవచ్చు. మనకు ముప్పావు గంటకోసారి గంట కొట్టేవారు. మంచినీళ్ళు తాగాలన్నా, బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా ఆ గంట కోసం చూడాల్సిందే. అన్నేళ్ళు అలా నడిచిన ఒళ్ళు ఒక్క ఆర్డరు కాగితంతో మారిపోతుందా? రోజూ ఒకే వేళకు లేచి, ఒకే వేళకు వెలుతురులోకి వెళ్ళేవాళ్ళ శరీరంలోని గడియారం ఆ వేళకే కుదురుకుంటుంది. చీకటితోనే మెలకువ రావడం అలాంటిదే. రాత్రి నిద్ర సరిపోతున్నంత కాలం దాన్ని మార్చుకోవాలని పట్టుబట్టకండి. ఆ వేళను మీ సొంతానికి వాడుకోండి.

నేను ఆ వేళలో చదువుకుంటాను. చేతిలో ఎర్ర పెన్ను ఉండదు, ఎవరికీ చెప్పాల్సిన పాఠం ఉండదు. మొదట్లో పేజీ తిప్పగానే ‘ఇందులోంచి ఏం ప్రశ్న ఇవ్వచ్చు’ అని తోచేది. కొన్నాళ్ళకు ఆ ఆలోచన రావడం తగ్గింది. ఇప్పుడు చదివింది నచ్చితే వెనక్కి వెళ్ళి అదే పేజీ మళ్ళీ చదువుతాను. సిలబస్ పూర్తి చేయాలన్న తొందర లేని చదువు ఇంత బాగుంటుందని నాకు ఇంతకుముందు తెలియదు.

అందరూ చెప్పే ఒక సలహా మాత్రం నేను చెప్పను. రిటైరైన వారానికే యోగా, సంగీతం, పెయింటింగ్ అంటూ వరసగా చేరిపోవద్దు. అది మళ్ళీ టైంటేబులే. మొదటి కొన్ని నెలలు ఒక్కటంటే ఒక్కటి పెట్టుకోండి. అది కూడా ఎవరూ మార్కులు వేయనిది, ఎవరికీ చూపించనక్కర్లేనిది అయితే మంచిది.

ఇంకో పని తప్పకుండా చేయండి. ఈ ఏడు బడి తెరిచే రోజున మీరు ఇంట్లో ఉండకండి. ఆ ఉదయం బ్యాగులు తగిలించుకున్న పిల్లలు మీ వీధిలోంచి వెళ్తుంటే చూస్తూ కూర్చోవడం కష్టం. నేనైతే ఆ రోజుకు ముందే టికెట్లు తీసుకుని, మావారితో, మా అత్తయ్యగారితో కలిసి సముద్రం దగ్గరికి వెళ్ళిపోయాను. అసెంబ్లీ జరిగే వేళకు తడి ఇసకలో నడుస్తున్నాం. గుర్తు రాలేదని చెప్పను. గుర్తొచ్చింది, దాంతోపాటు మనసు తేలికపడింది.

గొంతు గురించి కూడా ఒక మాట. ఆడవాళ్ళం మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు సెకనుకు సుమారు 200 సార్లు కంపిస్తాయి. రోజుకు అయిదారు పీరియడ్లు గట్టిగా చెబితే వాటికి ఎంత పనో మీరే లెక్క కట్టండి. గొంతు జబ్బులు ఎక్కువగా వచ్చే ఉద్యోగాల్లో మనది ముందుంటుంది. రోజులో కొంతసేపు మాట్లాడకుండా గడపడం కూడా మీకు దొరికిన తీరికే అనుకోండి. గొంతు బొంగురు నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి. ‘చాక్‌పీసు పొడి వల్లలే’ అని వదిలేయొద్దు.

ప్రశ్న: సర్వీసంతా వేసవి సెలవుల్లో తప్ప ఎక్కడికీ వెళ్ళింది లేదు. ఎక్కడికెళ్ళినా జనమే, క్యూలే. ఇప్పుడు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళొచ్చు. ఇంతకీ ఎక్కడికి వెళ్ళాలో తోచడం లేదు. మీరు చెప్పండి.
— ఓ సైన్సు మాస్టారు

మాస్టారూ, ఎక్కడికి అన్నది తర్వాత చూద్దాం. ముందు ఎప్పుడు అన్నది తేల్చండి. మనకు సెలవులు తక్కువేం కాదు. కానీ అవి మనం ఎంచుకున్న రోజులు కావు. లోకంలో గొప్ప దృశ్యాలు కొన్ని మనం హాజరు వేస్తున్న రోజుల్లోనే వచ్చి వెళ్ళిపోయేవి. వాటిని పటంలో చూపించి పిల్లలకు చెప్పాను తప్ప చూసే వీలు నాకు లేకపోయింది. ఉద్యోగం ముందుగా వదలడంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే: రోజుల్ని ఎంచుకోవడం నా చేతికొచ్చింది, అదీ కాళ్ళు బాగా నడుస్తుండగా, పెద్దవాళ్ళు మనతో రాగలిగిన కాలంలో.

జపాన్‌లో చెర్రీ పూలు తీసుకోండి. టోక్యో, క్యోటోల్లో మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో పూస్తాయి. పూర్తిగా విచ్చుకున్న పూలు ఉండేది వారం రోజులే. అది చాలా చోట్ల పరీక్షలు, పేపర్లు దిద్దే కాలం. క్యోటోలో ఆ పూలు ఎప్పుడు పూశాయన్నది చక్రవర్తి కొలువులోని పాత డైరీల నుంచి ఏరి, క్రీ.శ. 812 దాకా వెనక్కి లెక్క తీశారు. 2021లో మార్చి 26కే నిండుగా పూశాయి. పన్నెండు వందల ఏళ్ళ ఆ లెక్కలో అప్పటిదాకా అంత ముందుగా పూసింది లేదు. సైన్సు చెప్పినవారు కాబట్టి మీకు ఆ చెట్ల కింద పూలతో పాటు భూమి వేడెక్కడం కూడా కనిపిస్తుంది.

రాత్రి ఆకాశంలో కనిపించే ఉత్తర ధ్రువ కాంతుల (అరోరా) సంగతీ అంతే. నార్వేలోని ట్రోమ్సో 69 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటుంది. మే మూడో వారం నుంచి జూలై మూడో వారం దాకా అక్కడ సూర్యుడు అస్తమించడు. చీకటే లేకపోతే కాంతులు ఏం కనిపిస్తాయి? నడి వేసవిలో వెళ్ళినవాళ్ళకు అర్ధరాత్రి సూర్యుడు దొరుకుతాడు, అరోరా దొరకదు. సెప్టెంబరు చివరి నుంచి మార్చి దాకా వెళ్ళాలి. ఆ రెండు నెలల్లోనూ, పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల దగ్గర, ఇంకాస్త ఎక్కువ అవకాశం. అయితే మబ్బు పడితే చేయగలిగింది లేదు. ఒక్క రాత్రి కోసం వెళ్ళకుండా నాలుగైదు రాత్రులు అక్కడే ఉండేలా చూసుకోండి. అలా ఉండగలగడమే ఇప్పుడు మనకున్న వీలు.

జనవరి చివర, ఫిబ్రవరిలో టాంజానియాలోని సెరెంగెటి దక్షిణ మైదానాల్లో వైల్డ్‌బీస్ట్‌లనే పెద్ద జింకజాతి జంతువులు ఈనుతాయి. కొద్ది వారాల్లోనే లక్షల దూడలు. పుట్టిన కొన్ని నిమిషాల్లోనే నిలబడి తల్లి వెంట నడుస్తాయి. మెక్సికోలోని మిచోవకాన్ కొండల్లో నవంబరు నుంచి మార్చి దాకా మోనార్క్ సీతాకోకచిలుకలు కొమ్మలు వంగేలా వాలి ఉంటాయి. కెనడా నుంచీ అమెరికా నుంచీ వేల కిలోమీటర్లు ఎగిరొచ్చే ఆ తరం అంతకుముందు ఆ అడవిని చూసి ఉండదు. ఆ ప్రాంతాన్ని యునెస్కో 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక ఒక తేదీ రాసిపెట్టుకోండి: 2027 ఆగస్టు 2. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. దక్షిణ స్పెయిన్, మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, లిబియా, ఈజిప్టు, సౌదీ అరేబియాల మీదుగా నీడ సాగుతుంది. ఈజిప్టులోని లక్సర్ దగ్గర ఆరు నిమిషాలకు పైగా సూర్యుడు పూర్తిగా కప్పబడతాడు. సంపూర్ణ గ్రహణం ఎంత ఎక్కువసేపు ఉన్నా ఏడున్నర నిమిషాలు మించదు, కాబట్టి ఇది చాలా పెద్దది. పూర్తిగా కప్పబడిన ఆ కొద్దిసేపు తప్ప మిగతా సమయమంతా గ్రహణం కళ్ళద్దాలు ఉండాల్సిందే. ఆగస్టు ఎండకు లక్సర్ మండిపోతుంది, పెద్దవాళ్ళను తీసుకెళ్ళేటట్టయితే స్పెయిన్ తీరం నయం.

మేము ఈజిప్టు ఫిబ్రవరిలో వెళ్ళాం. అబూ సింబెల్‌లో పురాతన ఈజిప్టు రాజు రెండో రామ్సెస్ కట్టించిన గుడి చూడాలన్నది క్లాసులో ఆ పాఠం చెప్పినప్పటి నుంచి నాకున్న కోరిక. ఏటా ఫిబ్రవరి 22న, అక్టోబరు 22న పొద్దుటి సూర్యకాంతి గుడి లోపలి గదిదాకా వెళ్ళి అక్కడి నాలుగు విగ్రహాల్లో మూడింటి మీద పడుతుంది. చీకటికి సంబంధించిన ప్తా దేవుడి విగ్రహం మాత్రం నీడలోనే ఉండిపోతుంది. ఆ రోజు జనం విపరీతంగా వస్తారు. అంతమందిలో మా అత్తయ్యగారు నిలబడలేరు, అందుకని ఆ తేదీ కావాలనే వదిలేసి ముందే వెళ్ళాం. వెలుగు విగ్రహాల మీద పడలేదు, కానీ గుడి ముందు అరుగు మీద ఆవిడ తీరిగ్గా కూర్చుని ఎంతసేపు కావాలంటే అంతసేపు చూశారు. నాకు అదే ఎక్కువ. ఆస్వాన్ డ్యామ్ నీళ్ళలో మునిగిపోకుండా ఆ కొండగుడిని 1964 నుంచి 1968 మధ్య ముక్కలుగా కోసి, 65 మీటర్ల పైకి తెచ్చి మళ్ళీ పేర్చారు. ఆ మాట చెప్పగానే అత్తయ్యగారు లేచి వెళ్ళి గోడమీది అతుకుల కోసం వెతికారు.

ఇవన్నీ దూరాలు, అందరికీ అన్నీ కుదరవు. దగ్గర్లో కూడా ఇదే పద్ధతి పనిచేస్తుంది. మీరెప్పుడో సెలవురోజున గుంపులో తోసుకుంటూ చూసిన మ్యూజియానికి మంగళవారం పొద్దున తెరవగానే వెళ్ళండి. ఎండాకాలంలో చూసిన జలపాతాన్ని వానలు వెనకబట్టాక చూడండి. సీజన్ కాని రోజుల్లో ఎందుకు జనం ఉండరో మాత్రం ముందు కనుక్కోండి. ఒక్కోచోట కారణం వట్టి అలవాటే, ఒక్కోచోట దారులు మూసేస్తారు.

ప్రశ్న: మా మామగారికి 78 ఏళ్ళు, బీపీ, మోకాళ్ళ నొప్పులు. పిల్లలకు పదహారు, పన్నెండు. అందరం కలిసి తిరగాలని నాకు ఆశ. పోయినసారి వెళ్తే ఒకరి నడక ఒకరికి కుదరక రోజూ గొడవే అయింది. అందరినీ కలిపి తీసుకెళ్ళడం అసలు కుదిరే పనేనా?
— ఓ తెలుగు టీచరు

కుదురుతుందమ్మా. మీరు మానుకోవద్దు. పిల్లలు ఇంకో రెండు మూడేళ్ళలో చదువులకు వెళ్ళిపోతారు, మామగారు అప్పటికి ఎంత దూరం నడవగలరో తెలియదు. అందరూ ఒక బండిలో ఎక్కగలిగే రోజులు ఇవే. వీటికోసమే మీరు ముందుగా రిటైరయ్యారనుకోండి.

మీ ఉత్తరంలో పోయినసారి చూసిన చోట్ల జాబితా కూడా రాశారు. రోజుకు నాలుగైదు. అది స్కూలు విహారయాత్ర పద్ధతి. యాభైమంది పిల్లల్ని బస్సులో ఎక్కించి తలలు లెక్కపెట్టుకుంటూ తిప్పిన మనకు ఆ పద్ధతి వేళ్ళల్లో ఉండిపోతుంది. ఇంటివాళ్ళతో వెళ్ళినప్పుడు రోజుకు ఒక్కటి చాలు, అదీ పొద్దుటిపూట. మధ్యాహ్నం గదికి వచ్చి పడుకునేవాళ్ళు పడుకుంటారు. సాయంత్రం ఎవరికి తోచింది వాళ్ళది. మీ మామగారు వరండాలో కూర్చుంటానంటే కూర్చోనివ్వండి. ‘ఇంత దూరం వచ్చి చూడకపోతే ఎలా’ అని ఎవరూ అనకూడదు.

మీ పదహారేళ్ళ అమ్మాయికి ఒక రోజు మొత్తం అప్పగించండి. దారి, బస్సు, వేళలు అన్నీ తనే చూడాలి. మీరు మధ్యలో సరిదిద్దకూడదు. మా అమ్మాయికి అలా అప్పగించిన రోజున మేము మ్యూజియం ఏదీ చూడలేదు. ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు ట్రామ్‌లో వెళ్ళి, తిరిగి అదే ట్రామ్‌లో వచ్చాం. మెట్లు ఎక్కే పని లేదు, ఎండ లేదు, కిటికీలోంచి ఊరంతా కనిపించింది. మా అత్తయ్యగారు ఇప్పటికీ ఆ ప్రయాణం గురించే ఎక్కువ చెబుతారు. పిల్లలకు ప్రతి బోర్డూ వివరించి చెప్పడం కూడా తగ్గించుకోండి. వాళ్ళు అడిగినప్పుడు చెబితే వింటారు, మనం మొదలుపెడితే ఫోను తీస్తారు.

మామగారి గురించి కొన్ని జాగ్రత్తలు. బయలుదేరేముందు డాక్టరుకు చూపించి, ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్ని గంటల ప్రయాణమో చెప్పండి. మందులు చేతిసంచీలోనే ఉండాలి, అసలు స్ట్రిప్పుల్లోనే ఉండాలి, ప్రయాణానికి సరిపడేవాటికన్నా ఇంకో నాలుగు రోజులకు ఎక్కువే ఉండాలి. ఇంకో జత కళ్ళద్దాలు మరిచిపోవద్దు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణాల్లో కాళ్ళలో రక్తం గడ్డకట్టే అవకాశం రెట్టింపవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. విమానంలోనే కాదు, బస్సులో, కారులో, రైల్లో కూడా. రెట్టింపు అన్నా సుమారు ఆరు వేలమందిలో ఒకరికే, కాబట్టి భయపడనక్కర్లేదు. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయించండి. కూర్చున్నప్పుడు పాదాలు పైకీ కిందకీ ఆడించమనండి.

కొండ ప్రదేశాలకైతే ఎత్తు చూసుకోవాలి. 2500 మీటర్లు దాటితే ఎవరికైనా తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం రావచ్చు. వయసులో ఉన్నవాళ్ళకు రాదనుకోవద్దు, మీ అబ్బాయికీ రావచ్చు. 3000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఎక్కకుండా ఆగాలి. పెరూలో పాతకాలపు కొండనగరం మాచూ పీచూ 2430 మీటర్ల ఎత్తులో ఉంటే, అక్కడికి వెళ్ళేవాళ్ళు దిగే కుస్కో నగరం 3400 మీటర్లలో ఉంటుంది. అందుకే తెలిసినవాళ్ళు కుస్కోలో దిగీ దిగగానే కిందనున్న లోయకు వెళ్ళిపోయి, రెండు రాత్రులు అక్కడ గడిపాక పైకి వస్తారు. ఇలాంటి చిన్న మార్పుతోనే చాలా ఇబ్బంది తప్పుతుంది.

విదేశీ ప్రయాణమైతే తూర్పుకు ఎగిరినప్పుడు నిద్ర ఎక్కువగా చెడుతుంది. మన శరీర గడియారం 24 గంటలకన్నా కాస్త ఎక్కువే నడుస్తుంది కాబట్టి రోజును సాగదీయడం తేలిక, కుదించడం కష్టం. దాటిన ప్రతి గంట తేడాకూ సుమారు ఒక రోజు పడుతుందని లెక్క వేసుకుని, మొదటి రోజుల్లో ముఖ్యమైనవేవీ పెట్టుకోకండి.

ప్రశ్న: ముందుగా మానేశాను కాబట్టి పెన్షన్ తక్కువ. ప్రయాణాలకు ఖర్చు పెడితే రేపు ఏమవుతుందోనని భయం.
— ఓ పీఈటీ మాస్టారు

మీ భయంలో న్యాయముంది. అందరూ చెప్పే నాలుగు శాతం సూత్రం అమెరికా ఆర్థిక సలహాదారు విలియం బెంగెన్ 1994లో చెప్పింది. మొదటి ఏడాది దాచిన సొమ్ములో నాలుగు శాతం తీసుకుని, తర్వాత ధరలు పెరిగిన మేరకు పెంచుకుంటూ పోతే ముప్ఫై ఏళ్ళు వస్తుందన్నది దాని సారం. అది అమెరికా మార్కెట్ లెక్కలతో కట్టింది, అదీ ముప్ఫై ఏళ్ళకే. యాభైల్లో మానేసినవాళ్ళకు అంతకన్నా ఎక్కువ కాలమే కావాల్సి రావచ్చు, కాబట్టి ఇంకా తక్కువ తీయాలి. నా పద్ధతి చెబుతాను. ఇంటి ఖర్చు, వైద్యం, బీమా ఒక ఖాతాలో. ప్రయాణాలకు వేరే ఖాతా, అందులో ఉన్నంతే ప్రయాణం. అది నిండే దాకా దగ్గరి చోట్లే. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ముందునుంచీ ఉన్న బీపీ, షుగరు తప్పక రాయండి. దాచిపెడితే అవసరం వచ్చినప్పుడు క్లెయిము ఇవ్వరు.

ప్రశ్న: మావారికి ఇంకా ఆరేళ్ళ సర్వీసు ఉంది. నేనొక్కదాన్నే తిరిగితే బాగుండదేమో అనిపిస్తుంది. ఆయనకు సెలవు దొరికేదాకా ఆగాలా?
— ఓ ప్రైమరీ టీచరు

ఆరేళ్ళు ఆగకండి. మావారు కూడా ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారు. రెండు మూడు రోజుల ప్రయాణాలు నేను మా పాత స్టాఫ్ రూమ్ స్నేహితురాళ్ళతో వెళ్తాను. పీరియడ్ల మధ్య పది నిమిషాల్లో సగంలో ఆపేసిన కబుర్లు రైల్లో పూర్తి చేసుకుంటున్నాం. పెద్ద ప్రయాణాలు ఆయన సెలవును బట్టే. నేను ముందు వెళ్ళి అక్కడ ఉంటే ఆయన నాలుగు రోజులకు వచ్చి కలుసుకున్న సందర్భాలూ ఉన్నాయి. అప్పటికి నాకు దారులు తెలిసుంటాయి, ఆయన అలసిపోయి వచ్చినా ఏదీ వెతుక్కోనక్కర్లేదు. ఇంట్లో మీరు లేని రోజుల్లో ఎవరు ఏ పని చూసుకోవాలో వెళ్ళేముందే మాట్లాడుకోండి, లేకపోతే రోజంతా ఫోన్లే. ఆయన సెలవు తేదీలు ఇప్పుడే అడిగి రాసుకోండి. మిగతా రోజులన్నీ మీవే.